పత్రికలకు వెళ్ళిన పెట్టె

అత్తయ్య తలకి తెల్లగుడ్డ బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మేడ మీద తన గది ఉండగా, వెళ్ళి వెళ్ళి కొట్టు వెనక గదిలో పడుకుంది.

పొయ్యి ఆరిపోయింది. ఆదివారం పొద్దున, చేపల సంత కిటకిటలాడుతున్న వేళ, మా సూపు కొట్టు షట్టరు కిందికే ఉంది. మామయ్య పోయినప్పుడు తప్ప ఆ పొయ్యి ఆరడం నేను చూడలేదు.

తెల్లవారుతూనే జిరాక్స్ కొట్టు బాంగ్ గారి భార్య వచ్చి, ఏదో కాగితం అత్తయ్యకి చదివి వినిపించి వెళ్ళిందట. ఆవిడ సందు మలుపు తిరగకముందే అత్తయ్య గ్యాసు కట్టేసింది. నేను మేడ దిగేసరికి ఇదీ వరస.

బయట ఎవరో షట్టరు మీద అరచేత్తో కొట్టారు. "ఒక్‌బున్ అక్కా, ఒంట్లో బాగాలేదా? ముల్లంగాకు సూపు పడకుండా మేం ఇళ్ళకి ఎలా పోతాం?"

రాత్రంతా పడవ మీద తడిసి వచ్చినవాళ్ళు. షట్టరు ఎత్తాలో, వెనక గదిలోకి వెళ్ళాలో తెలియక బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాను.

ఇంతలో సందువైపు తలుపు తోసుకుని మిరాన్ వదిన వచ్చింది. మా ఆయన మున్సుకి సొంత అక్క. సంత మలుపులో పార్లరు నడుపుతుంది. మెడలో జుట్టు రంగు మరకల గుడ్డ అలాగే ఉంది. చేతిలో మడత కాగితం.

"ఇది నువ్వు రాసిందేనా?"

చూడక్కర్లేదు. నా పుస్తకం గురించి నేను రాసుకున్న పత్రికా ప్రకటన.

"నీ చేతికెలా వచ్చింది వదినా?"

"బాంగ్ గారిచ్చాడు. 'మీ మరదలు భలే రాసిందమ్మా' అని సంతోషం పట్టలేక కాపీలు ఎక్కువ తీశాడట. కూరల ఆవిడకిచ్చాడు. ఉప్పుచేపల వాళ్ళకిచ్చాడు. నా కుర్చీలో రంగు వేయించుకుంటున్న ఆవిడ, తల నా చేతిలో పెట్టి, గట్టిగా పైకి చదివింది. నేను బ్రష్ పట్టుకుని వింటున్నాను."

వదిన కాగితం విప్పి తనూ పైకే చదివింది. "'పంతొమ్మిదేళ్ళ కోడల్ని ఊరి కంట పడకుండా దాచిన అత్త. ఇన్నాళ్ళకి తెరుచుకున్న వెనక గది తలుపు.' దాచిందా దాన్బీ? నువ్వేమన్నా దొంగసొత్తువా?"

"పుస్తకంలో అలా ఉండదు వదినా. పుస్తకం చదివితే తెలుస్తుంది, అత్తయ్య నన్నెంత..."

"పుస్తకం ఎవరు చదువుతారే? చదివేది ఈ ముక్క."

అది నిజమే. ఆ మాటే జుహే అక్క ఇంకోలా చెప్పింది.

జుహే అక్కది రేవు దగ్గర చిన్న పుస్తకాల కొట్టు. సొంతంగా అచ్చేసుకున్న మాలాంటివాళ్ళ పుస్తకాలు అక్కడే బతుకుతాయి. ప్రకటన ఎలా రాయాలో నాకు ఆవిడే నేర్పింది. "సియోల్లో పుస్తకాల పేజీ చూసే విలేకరి బల్ల మీద వారం వారం గోడ కట్టినట్టు పుస్తకాలు పడతాయి. అట్ట తెరిచి, లోపల దూర్చిన ప్రకటన లాగి, మొదటి వాక్యం చూస్తాడు. అది బాగుంటే ఉన్నదున్నట్టు శనివారం పేపర్లో ఎక్కించేస్తాడు. వార్త వాళ్ళు రాస్తారనుకోకు, మనమే రాసివ్వాలి."

నేను ముందు రాసిన వాక్యం: ఒక యువతి తన ఇంటి గురించి రాసుకున్న చిన్న పుస్తకం.

జుహే అక్క ఆవలించింది. "చూడు, నాకే నిద్రొస్తోంది."

నా గురించి నేనే 'ఈ రచయిత్రి' అని రాసుకోవడం ఎంత ఇబ్బందో. రచయిత్రి పరిచయం అన్నచోట అందరికీ ముందు యూనివర్సిటీ పేరు ఉంటుంది. నేను హైస్కూలు ఆఖరి ఏడు, కడుపులో బోరి పడ్డాక, సంచీ బెంచీ మీదే వదిలేసి వచ్చినదాన్ని. ఆ చోట ఏం పెట్టాలో తోచక పెన్ను కొరుక్కుంటూ కూర్చుంటే, "అదే, ఆ ఖాళీయే పట్టుకో. మిగతావాళ్ళ దగ్గర లేనిది అదే" అంది జుహే అక్క.

పట్టుకున్నాను. పట్టుకుని లాగితే వచ్చిందే ఆ మొదటి వాక్యం.

మరీ ఘాటుగా ఉందని నాకూ తెలుసు. అందుకే కింద 'పుస్తకంలోంచి' అని పెట్టి ఒక తియ్యని ముక్క ఎత్తి రాశాను. తెల్లవారకముందే వంటింటికీ వెనక గదికీ మధ్య గోడలోని చిన్న కిటికీ తెరుచుకోవడం, ఆవిరిలోంచి ఎర్ర రబ్బరు గ్లవుజు వేసుకున్న అత్తయ్య చెయ్యి గిన్నె లోపలికి తొయ్యడం, సూపు అడుగున, కొనేవాళ్ళకి ఎప్పుడూ వెయ్యని మలుగుచేప ముక్క ఉండడం. చదివిన ప్రతివాళ్ళూ కళ్ళు తుడుచుకున్నది అక్కడే. జుహే అక్క కూడా.

పైన కారం ఉంటే ఉండనీ, కింద తీపి ఉంది కదా అనుకున్నాను.

"పెట్టె ఏది?" అంది వదిన.

"మున్సు బస్టాండుకి తీసుకెళ్ళాడు."

ప్రతి పుస్తకంలోనూ ఒక ప్రకటన మడిచి పెట్టి, సియోల్లో పత్రికాఫీసులకి పుస్తకాలు పంచిపెట్టే ఏజెన్సీ పేరు రాసి, నిన్ననే పెట్టె కట్టేశాం. ఆదివారం కొరియరు ఉండదు. బస్సు కింద సామాన్ల అరలో వేస్తే ఏజెన్సీ వాళ్ళు అక్కడ దింపుకుంటారు. సోమవారం పొద్దున్నే మోటారుసైకిళ్ళ మీద పేపరాఫీసులన్నిటికీ పంచేస్తారు.

వదిన ఇంకేదో అనబోతుండగా మున్సు వచ్చాడు. చేతిలో తేనె బన్నుల పొట్లం, మొహం నిండా నవ్వు.

"ఎక్కించేశాను. డ్రైవరు గారు ఏముంది ఇందులో అంటే, మా ఆవిడ పుస్తకం అని చెప్పాను. ఆయన పెట్టెని రెండు చేతులతో పట్టుకున్నాడు తెలుసా. అదేంటి, షట్టరు ఎత్తలేదు?"

వదిన కాగితం అతని ఛాతీకి ఆనించి పట్టుకుంది. "అమ్మ తలకి గుడ్డ కట్టింది. అదీ సంగతి."

మున్సు వెనక గది తలుపు వైపు చూశాడు. నవ్వు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. "అమ్మ అలగడం కొత్తా? రెండు పూటలు మానేసి మూడో పూట రెండింతలు తింటుంది."

"సంతలో రేపు తలెత్తుకు తిరగాల్సింది అమ్మ. నువ్వు కాదు. నువ్వు షిప్‌యార్డులో ఇనప ముసుగు వేసుకుని వెల్డింగు చేసుకుంటావు, ఎవరికీ కనపడవు."

"ఇందులో అబద్ధం ఏముందక్కా? దాన్బిని ఈ గదిలో ఉంచలేదా? కొట్టు తెరిచి ఉన్నంతసేపూ బయటికి రావద్దనలేదా?"

"నోరుమూసుకో. లోపలికి వినిపిస్తుంది."

"వినపడనీ. అమ్మ కనీసం అన్నం తిన్నావా అని అడిగింది. ఆ పెద్దమనిషి అయితే నా పెళ్ళాన్ని పేరు పెట్టి కూడా పిలవకుండానే పోయాడు. ఒక్క మాట. ఒక్క మాటైనా మాట్లాడాడా?"

"నాన్న ఊసెత్తకు."

"నువ్వే ఎత్తిస్తున్నావు."

"ఆసుపత్రిలో ఆయన చివరి రోజున కూడా నువ్వు గదిలోకి రాలేదు. వరండాలో నిలబడి టీ మిషను బొత్తాలు నొక్కుకుంటున్నావు. ఆయన తలుపు వైపే చూస్తున్నాడు."

మున్సు తేనె బన్నుల పొట్లం బల్ల మీద పెట్టాడు. మెల్లగా, పగిలే వస్తువు పెట్టినట్టు.

బయట చేపలబండి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఆపెయ్యి దాన్బీ," అంది వదిన చివరికి. ఈసారి గొంతు తగ్గించింది. "ఏజెన్సీకి ఫోన్ చేసి పంచొద్దని చెప్పు."

"ఆపితే పుస్తకం చచ్చినట్టే," అన్నాడు మున్సు. "వచ్చిన వారంలోనే కొత్త పుస్తకం. పై వారానికి దాని మొహం ఎవరూ చూడరు. జుహే అక్క చెప్పింది కదా. బోరిని నిద్రపుచ్చి, నువ్వు ఆ కుంటి బల్ల మీద ఎన్నాళ్ళు..."

నేను ఇద్దరి మధ్యా నిలబడి బోరి గురించి ఆలోచిస్తున్నాను. వచ్చే మార్చిలో బోరి బడికి వెళ్తుంది. గేటు దగ్గర మిగతా అమ్మలు నా వైపు చూసి వేళ్ళు మడిచి లెక్క వేస్తారు: దీని వయసెంత, పిల్ల వయసెంత అని. ఆ లెక్క వాళ్ళు వెయ్యకముందే నేనే చెప్పేస్తే భయం పోతుందనుకున్నాను. అందుకే ఈ పుస్తకం. కానీ పోవాల్సిన భయం ఇంకో మనిషి మీద పడుతుందని ఎలా తెలుస్తుంది?

ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. 'పెట్టె విషయం మాట్లాడాలి, దయచేసి ఫోన్ చెయ్యండి' అని మెసేజ్ పెట్టాను. వదిన షట్టరు సగం ఎత్తి, కింద నుంచి వంగి, వచ్చినవాళ్ళకి ఏవేవో సర్ది చెబుతోంది.

నేను బియ్యం నూరి జావ కాచాను. నువ్వుల నూనె రెండు చుక్కలు వేసి, పళ్ళెంలో పెట్టుకుని వెనక గది తలుపు జరిపాను.

బోరి నానమ్మ పాదాల దగ్గర కూర్చుని తన బొమ్మకి కూడా తలగుడ్డ కడుతోంది.

"అమ్మా, నానమ్మ దాక్కుంది. ఎవరికీ చెప్పొద్దంది."

"మిరాన్ అత్త దగ్గరికి వెళ్ళు తల్లీ. బన్ను ఉంది."

పిల్ల వెళ్ళిపోయింది. నేను పళ్ళెం నేల మీద పెట్టాను. నేల చల్లగా ఉంది. ఈ గదికి వెచ్చదనం వంటింటి పొయ్యి నుంచే రావాలి.

"అత్తయ్యా, కొంచెం జావ."

వీపు కదల్లేదు.

"నాదే తప్పు అత్తయ్యా. ఆ మొదటి వాక్యం తీసేస్తాను. పెట్టె ఆపించేస్తాను. సంతలో ఇంటింటికీ వెళ్ళి నేనే చెప్తాను, మా అత్తయ్య అలాంటిది కాదని."

గోడవైపు నుంచే గొంతు వచ్చింది. "ఏ వాక్యం?"

"అదే... దాచిన అత్త అని."

"అదెందుకు తీస్తావు? దాచాను కదా."



అత్తయ్య లేచి కూర్చుంది. తలగుడ్డ కళ్ళ మీదికి జారితే పైకి నెట్టుకుంది. మొహం ఏడ్చినట్టు లేదు. నిద్రలేని మొహం. "పదిమంది వచ్చి తినిపోయే కొట్టు. స్కూలు బట్టల్లో కడుపుతో ఒక పిల్ల గిన్నెలు తెస్తుంటే చూసి ఏమనుకుంటారని సిగ్గేసింది. నీ గురించి కాదు, నా గురించి. లోపల ఎవరో దగ్గుతున్నారే అంటే, పిల్లి అని చెప్పాను ఒకసారి."

"నలుగురి నోళ్ళలో పడకుండా నాకోసం దాచారనుకున్నాను. అలాగే రాశాను."

"రాశావు. చదివాను." అత్తయ్య గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "అచ్చయి వచ్చినప్పట్నుంచీ గల్లాపెట్టె కింద పెట్టుకుని, కొట్టు ఖాళీగా ఉన్నప్పుడల్లా ఒక్కో పేజీ చదివాను. ఏ పేజీ తిప్పినా నేనెంత మంచిదాన్నో. తియ్యగా ఉంది. ఊరుకున్నాను. ఇంత పెద్ద పుస్తకం ఎవరు చదువుతారులే, మన ఇంట్లో పడి ఉంటుందిలే అనుకున్నాను."

"మరి ఈ పొద్దున..."

"బాంగ్ వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పైనున్న ముక్కకి కాదు, కింద ఉన్న ముక్కకి. ఆ గిన్నె, ఆ చేపముక్క. 'బంగారు చెయ్యి అక్కా నీది' అని ఈ చేతిని తన చెంపకి రాసుకుంది. అదే పేపర్లో వేస్తారంట. ఊరూరా చదువుతారంట."

అత్తయ్య తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఇంకెవరిదో అన్నట్టు చూసింది.

"ఆ చెయ్యి నాది కాదు దాన్బీ."

జావ మీద మీగడ కట్టడం చూస్తూ కూర్చున్నాను.

"ఆ వేళకి నేను ముందు బల్లలు తుడుస్తుండేదాన్ని. పొయ్యి దగ్గర ఎవరుండేవాళ్ళు? ఆలోచించావా ఎప్పుడైనా?"

పొయ్యి దగ్గర మామయ్య ఉండేవాడు. అది నాకు తెలుసు. తెలిసీ ఎప్పుడూ తట్టలేదు. కిటికీ అరచెయ్యంత. అవతల ఆవిరి. కనపడేది మోచేతి దాకా ఎర్ర గ్లవుజు. ఈ ఇంట్లో ఇద్దరూ ఒకే రకం గ్లవుజులు వేసుకునేవాళ్ళు, ఒకే మేకుకి తగిలించేవాళ్ళు. నాతో మాట్లాడే మనిషి అత్తయ్య ఒక్కతే కాబట్టి ఆ చెయ్యి కూడా అత్తయ్యదే అనుకున్నాను. మాట్లాడని మనిషికి చేతులుంటాయని నాకు తోచనే లేదు. పుస్తకం మొత్తంలో ఆయన గురించి రాసింది ఒకే ఒక్క ముక్క: ఆయన రాయి.

"నేను అడిగాను కూడా," అంది అత్తయ్య. "మంచి ముక్కలన్నీ ఎందుకు తగలేస్తున్నావని. 'రెండు ప్రాణాలు' అన్నాడు. అంతే. మళ్ళీ గరిట తిప్పుకున్నాడు. నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు."

"మరి ఇప్పుడేం చెయ్యమంటారు అత్తయ్యా?"

"కాగితంలో పై ముక్క వెళ్ళనీ, అది నిజం. కింది ముక్కా, పుస్తకమూ ఆపు."

"పుస్తకం లేకుండా కాగితం ఎవరు చూస్తారు అత్తయ్యా?"

"అది నాకేం తెలుసు. పుస్తకాలు వేసేవాళ్ళు మీరు."

తలుపు దగ్గర నేల కిర్రుమంది. మున్సు నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో. చేతిలో నా ఫోను.

"ఏజెన్సీ వాళ్ళు," అన్నాడు. కానీ ఫోను నాకివ్వలేదు. తల్లి వైపు చూస్తున్నాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడగలేదు."

"ఆయన పోయేముందైనా..."

"పోయేముందు నువ్వు గదిలోకి వచ్చావా?"

మున్సు ఫోను నా చేతిలో పెట్టాడు. వెనక్కి తిరిగి కొట్టులోకి వెళ్ళాడు. కుర్చీ లాగిన చప్పుడు, ఆ తర్వాత సందు తలుపు చప్పుడు. వదిన "ఎక్కడికిరా?" అనడం వినపడింది. జవాబు వినపడలేదు.

"హలో, లైన్లో ఉన్నారా?" ఫోనులో ఎవరో ఆవిడ, తొందరలో ఉన్న గొంతు. "మీ పెట్టె వచ్చేది సాయంత్రానికి కదా. ఏదో మాట్లాడాలన్నారు. పుస్తకంతోపాటు ప్రకటన పెట్టారా లేదా?"

"పెట్టానండి."

"మరింకేం, రేపు పొద్దున పంచేస్తాం. ఏమైనా మార్పుందా?"

అత్తయ్య నన్నే చూస్తోంది. పంపిస్తే శనివారం దేశమంతా ఆ ముక్క చదువుతుంది. ఆ గిన్నె తోసిన చెయ్యి ఎప్పటికీ అత్తయ్యదే అయిపోతుంది. అచ్చులో పడ్డాక ఇంకెవరి చెయ్యీ కాలేదు. ఆపితే నా పుస్తకం ఈ వీధి దాటదు. గేటు దగ్గర ఆ అమ్మలు వేళ్ళు మడుస్తూనే ఉంటారు.

"పంచొద్దండి," అన్నాను.

"పంచొద్దా? ఈ వారం తప్పితే ఇక కష్టమమ్మా. కొత్త పుస్తకం అనరు దాన్ని. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాను. పెట్టె మొత్తం వెనక్కి పంపెయ్యండి. ఒక్కటి కూడా బయటికి వెళ్ళకూడదు."

"సరే, మీ ఇష్టం."

ఫోను పెట్టేశాను. అత్తయ్య కోసం నేను చెయ్యగలిగింది చేశాననుకున్నాను. ఇప్పుడైనా జావ తాగుతుందనుకున్నాను.

అత్తయ్య గిన్నె ముట్టుకోలేదు.

"ఆపేశావు. బాగుంది. నా చెయ్యి తప్పుకుంది," అంది. వంటింటి గోడలో మూసి ఉన్న ఆ కిటికీ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. "మరి ఆయన చెయ్యి సంగతి ఎవరు చెప్తారే ఇప్పుడు?"